తలుపులో పడ్డ చేతులు

మా మేనమామకు వస్తాదు అని పేరు పెట్టింది మా నాన్న. ప్రేమతో పెట్టలేదు, ఎగతాళికి పెట్టాడు. మామయ్య బక్కపలచటి మనిషి. పొడుగు మెడ, వాలిపోయిన భుజాలు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టుండేది. కానీ మోచేతుల నుంచి కిందికి చూస్తే మాత్రం ఎవరో బరువులెత్తే మనిషి చేతులు తెచ్చి అతికించారా అనిపించేది. మీసాలు రాకముందు నుంచీ మా బేకరీలో పిండి పిసుకుతున్నాడు. నాన్న పొయ్యి చూసుకునేవాడు, అమ్మ కొట్లో కూర్చునేది, మామయ్య పిండి తొట్టి ముందు నిలబడేవాడు. తొట్టి నిండా పిండిని కిందినుంచి పైకి తిరగేసి కొడుతుంటే ఆ చప్పుడు వీధి మలుపు దాకా వినిపించేది. ఆ చప్పుడు వినే పక్కింటి దర్జీ లేచేవాడు. ఒకసారి మామయ్యకు జ్వరమొచ్చి పడుకుంటే దర్జీ ఎండెక్కేదాకా నిద్రపోయి, వచ్చి మా నాన్నతో పోట్లాడాడు.

మామయ్య చిన్నతనంలోనే అమ్మమ్మ పోవడంతో అతణ్ణి పెంచింది అమ్మే. అక్కా అని పిలిచేవాడు గానీ, ఆకలేసినా కోపమొచ్చినా ఆ కొంగు దగ్గరికే వచ్చేవాడు. బావాబావమరుదులకు మాత్రం ఒక్క క్షణం పడేది కాదు. పడకపోవడమే వాళ్ళకు కాలక్షేపం.

యుద్ధం వచ్చింది. రొట్టెలు కాల్చేవాళ్ళను సైన్యంలోకి రమ్మని ఎవరూ అడగలేదు. ఊరికి తిండి పెట్టేవాళ్ళు ఊళ్ళోనే ఉండాలని ప్రభుత్వమే చెప్పింది. మాకు ఆ దిగులు లేదనుకున్నాం. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మామయ్య భోజనానికి కూర్చుని, కంచంలో చెయ్యి పెట్టకుండా అన్నాడు.

"అక్కా, పేరిచ్చి వచ్చాను."

"దేనికి?"

"విమానాలకి."

నాన్న పగలబడి నవ్వాడు. "అక్కడ కూడా పిండి పిసికేవాడు కావాల్సి వచ్చిందా?"

మామయ్య నవ్వలేదు. అప్పటికి గానీ అమ్మకు అది నిజమని అర్థం కాలేదు. చేతిలో గరిట అలాగే పట్టుకుని, "ఎందుకురా? నిన్నెవరు రమ్మన్నారు?" అంది.

"వెనక వీధిలో పాలావిడ ఇల్లు బాంబు పడి కూలింది కదక్కా. ఆ ఇటుకలు తీసిన దగ్గర్నుంచి నాకు ఇక్కడ నిలబడబుద్ధి కావడం లేదు." సిగ్గుపడుతూ ఇంకో మాట కూడా చెప్పాడు. "ఇంకా... మేఘాల పైన ఏముంటుందో చూడాలని ఎప్పట్నుంచో ఉంది."

"ఏముంటుందిరా?" అన్నాడు నాన్న. "ఇంకో మేఘం ఉంటుంది."

ఆ మాట అన్నాడే గానీ, మామయ్య వెళ్ళిన రోజున పిండి తొట్టి ముందు నిలబడి ఏం చెయ్యాలో తోచక దాని అంచులు తుడుస్తూ ఉండిపోయాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి తనే పిసకడం మొదలుపెట్టాడు. రొట్టెలు ఇటుకల్లా వచ్చాయి. ఎవరూ ఏమీ అనకుండా కొనుక్కుపోయారు.

మామయ్య గన్నర్ అయ్యాడు. బాంబర్ విమానం వీపు మీద గాజు బుడగలాంటి గది ఒకటి ఉంటుందట. దాంట్లో కూర్చుని, తుపాకులు పట్టుకుని, చుట్టూ ఆకాశం చూస్తూ ఉండటం పని. శత్రు విమానం కనిపిస్తే ముందు పైలట్‌కు చెప్పాలి, తర్వాత కాల్చాలి. విమానంలో మొత్తం ఏడుగురు. మిగతావాళ్ళెవరికీ కనిపించనంత ఆకాశం మామయ్యకు కనిపిస్తుంది.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు నన్ను పిండి బస్తా మీద కూర్చోబెట్టి ఆ ఆకాశం గురించి చెప్పాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

"కోడలా, ఇంద్రధనుస్సు ఎలా ఉంటుందో చెప్పు."

చేత్తో విల్లులా గీసి చూపించాను.

"అది నేల మీద ఉన్నవాళ్ళకి. సగం నేలలోకి పోతుంది కాబట్టి మీకు సగమే కనిపిస్తుంది. పొద్దున్నే మేము మేఘాల పైకి వెళ్తామా, కింద తెల్లగా, ఎటు చూసినా దూది పరిచినట్టు ఉంటుంది. దాని మీద మా విమానం నీడ పడుతుంది, చేపపిల్లంత. ఆ నీడ చుట్టూ ఇంద్రధనుస్సు. సగం కాదు, గుండ్రంగా, నీ గాజులా. మేము ఎటు వెళ్తే అది అటు వస్తుంది. మేము తిరిగితే అదీ తిరుగుతుంది."

"పట్టుకోవచ్చా?"

"పట్టుకోవడమెందుకే? అదే మమ్మల్ని పట్టుకుని వస్తుంటే."

పొయ్యి దగ్గర నాన్న రొట్టె తీసే పొడుగు చెక్క పట్టుకుని ఆగిపోయాడు. వింటున్నట్టు కనిపించకూడదని అటు తిరిగే ఉన్నాడు. కానీ రొట్టెలు మాడిన వాసన వచ్చేదాకా కదల్లేదు. అమ్మ అరిచాక, "మీ తమ్ముడు అబద్ధాలు చెప్తుంటే చేతులు ఆడవు నాకు," అన్నాడు. ఆ సాయంత్రం నాన్న ఒక్కడే వీధిలోకి వెళ్ళి మేఘాల వంక చూస్తూ నిలబడటం నేను చూశాను.

ఆ తర్వాత చాలా నెలలు మామయ్య రాలేదు. పగటిపూట విమానాలు బారులు తీరి మా ఊరి మీదుగా వెళ్ళేవి. ముందు కిటికీ అద్దాలు వణికేవి, తర్వాత గిన్నెలు, తర్వాత మన కడుపులోనే ఆ మోత. జనం పనులాపి పైకి చూసేవాళ్ళు. అమ్మ మాత్రం చూసేది కాదు. వెళ్ళేటప్పుడు లెక్కపెడితే వచ్చేటప్పుడూ లెక్కపెట్టాలి, అది నావల్ల కాదు అనేది.

రెండోసారి వచ్చినప్పుడు మామయ్య రెండు చేతులకూ కట్లున్నాయి. వేలి కొసల నుంచి మణికట్టు దాకా తెల్లటి గుడ్డ. భుజానికి తగిలించుకున్న సంచీని ఎవరో బండివాడు దించిపెట్టి పోయాడు.

అమ్మ ఎదురెళ్ళింది. "ఏమైందిరా?"

"ఏం లేదక్కా. విమానం తలుపులో పడ్డాయి."

"రెండు చేతులూనా?"

"పెద్ద తలుపులే."

నాన్న మామయ్య చేతులూ మొహమూ మార్చి మార్చి చూసి, "ఇంత యుద్ధం చేస్తున్నారు, నీకు తలుపెయ్యడం నేర్పలేదట్రా?" అన్నాడు. మామయ్య నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు, కాస్త ఎక్కువసేపే నవ్వాడు.

ఆ సెలవులో అతనికి అన్నం తినిపించే పని నాది. నాకంటే సంతోషించిన మనిషి లేడు. చెంచా నోటి దాకా తెచ్చి వెనక్కి తీసుకునేదాన్ని. మామయ్య పిట్టపిల్లలా నోరు తెరుచుకుని నా చెయ్యి ఎటు వెళ్తే అటు తల తిప్పేవాడు. నీళ్ళు తాగించబోయి సగం చొక్కా మీద పోసేదాన్ని.

కట్లు విప్పాక అమ్మ అతని అరచేతులు తిప్పి చూసింది. అడ్డంగా, ఎర్రగా, లోతుగా రెండు చేతులకూ ఒకేలాంటి గీత. వేళ్ళు సగం ముడుచుకునే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేని సమయంలో మామయ్య తొట్టి దగ్గరికి వెళ్ళి, పిండిలో చేతులు పెట్టి పిసకబోయాడు. కొంచెంసేపు ప్రయత్నించాడు. తర్వాత చేతులు పిండిలో అలాగే ఉంచి, ఊరికే నిలబడ్డాడు. అమ్మ వెనకనుంచి వచ్చి, అతని వేళ్ళకు అంటుకున్న పిండిని ఒక్కో వేలి నుంచీ తీసేసింది.

"ఇంక పంపను," అంది.

"నువ్వు పంపేదేముందక్కా? డాక్టరే చెప్పాడు, కావాలంటే కింద ఉండిపొమ్మని. కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పుకుంటూ."

"మరింకేం? ఉండిపో!"

"నేను దిగితే ఆ సీటు ఖాళీగా ఉండదు. ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. వాడెవడో, వాడికీ ఒక అక్క ఉంటుందో ఏమో." వేళ్ళు ముడిచి చూపించి, "తుపాకీ మీట నొక్కడానికి ఈ వేళ్ళు చాలు," అన్నాడు.

అమ్మ అప్పటిదాకా అడగని మాట అప్పుడడిగింది. "కింద ఎవరుంటార్రా? మీరు బాంబులు వేసేటప్పుడు?"

మామయ్య తన అరచేతుల వంక చూసుకున్నాడు. "ఫ్యాక్టరీలు అంటారు. పైనుంచి చూస్తే అన్నీ గీతలేనక్కా. ఎక్కువగా మేఘమే ఉంటుంది. ఒక రోజు పొద్దున మాత్రం తేటగా ఉంది. చిన్న ఊరు. పొగగొట్టాలన్నిట్లోంచీ పొగ ఒకే వైపు వాలి వస్తోంది. పొద్దున్నే పొయ్యి ముట్టించినవాడు అక్కడ కూడా ఒకడు ఉంటాడు కదా అనిపించింది. మేము అక్కడ వెయ్యలేదులే. దాటిపోయాం. కానీ వేరేచోట వేశాం. అక్కడ మేఘం ఉంది కాబట్టి ఏమీ కనిపించలేదు, అంతే."

పొయ్యి దగ్గర నాన్న ఉన్నాడు. ఎప్పుడూ ఏదో ఒక పుల్లవిరుపు మాట అనే మనిషి, ఆ రోజు ఏమీ అనలేదు. వెళ్ళి బావమరిది పక్కన నిలబడి, ఆ తొట్టిలోని పిండిని తనే పిసకడం మొదలుపెట్టాడు. మామయ్య చూసి, "అలా కాదు బావా, కింద నుంచి తిరగెయ్," అన్నాడు. నాన్న అలాగే చేశాడు.

మామయ్య వెళ్ళిపోయాడు. చలికాలం చివర్లో టెలిగ్రాం వచ్చింది. విమానం తిరిగి రాలేదని, ఆచూకీ తెలియదని. వేసవిలో ఇంకోటి వచ్చింది. శత్రుదేశంలో ఒక ఊరి పొలిమేరలో పడిపోయిందని, అక్కడే పూడ్చిపెట్టారని తెలిసిందట. అప్పుడు కొట్లో జనమున్నారు. నాన్న ఆ కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకుని, పొయ్యిలోంచి రొట్టెలన్నీ తీసి, నిలబడినవాళ్ళందరికీ ఇచ్చి పంపేశాడు. ఒక్కరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. ఎందుకో వాళ్ళకు అర్థమైంది. అందరూ వెళ్ళాక తలుపు మూసి, అమ్మను లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు. అమ్మ ఏడుపు నేను విన్నాను. నాన్న ఏడుపు నాకు అంతకుముందు తెలియదు. అది వేరే ఎవరో మనిషి మా ఇంట్లోకి వచ్చి ఏడుస్తున్నట్టుంది.

యుద్ధం అయిపోయాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకాయన చంకకర్రల మీద మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఒక కాలు మోకాలి దాకానే ఉంది. మామయ్యతో పనిచేశానని, విమానం తోకలో ఉండే గన్నర్‌నని చెప్పాడు. అమ్మ కుర్చీ వేసి కూర్చోమంది. ఆయన కూర్చుని, ఇల్లంతా కలియజూసి, పిండి తొట్టి మీద కళ్ళు నిలిపాడు.

"ఇదేనా తొట్టి? రోజూ దీని గురించే చెప్పేవాడు."

కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక ఆయన అడిగాడు. "అమ్మా, ఆయన చేతులు బాగయ్యాయా? నేను ఆస్పత్రిలో ఉండగానే మళ్ళీ ఎక్కాడని విన్నాను. నాకు నమ్మకం కుదరలేదు."

"పూర్తిగా కాలేదు బాబూ. ఎలా అవుతాయి, అంత పెద్ద తలుపులో పడితే."

"తలుపేమిటి?"

అమ్మా నాన్నా మొహాలు చూసుకున్నారు.

ఆయన చంకకర్రలు గోడకు ఆనించాడు. "తలుపని చెప్పాడా మీతో?" అని, తల వంచుకుని, నవ్వూ కాని ఏడుపూ కాని చప్పుడొకటి చేశాడు. తర్వాత చెప్పాడు.

ఆ రోజు వాళ్ళు బాంబులు వేసి తిరిగొస్తున్నారట. కిందినుంచి పేల్చిన గుండు విమానం నడుము దగ్గర పేలింది. విమానం లోపలి నేల చాపలా చిరిగిపోయింది. ఒక ఇనుప తునక తోక దాకా వచ్చి ఈయన కాలు తీసేసింది. తోక గదిలోంచి పాక్కుంటూ ముందుకు వచ్చేసరికి విమానం ముక్కు కిందికి దించి పడిపోతోంది. పైలట్ ఎంత లాగినా పైకి లేవడం లేదు. విమానం తోకలో ఒక రెక్క ఉంటుంది, అది ఎటు వంగితే ముక్కు అటు తిరుగుతుంది. ఆ రెక్కను పైలట్ చేతి కర్రతో కలిపే ఉక్కు తాడు తెగిపోయింది. తెగిన కొస ఆ చిరిగిన నేల పక్కన పాములా కొట్టుకుంటోంది.

"మీ తమ్ముడు గాజు గదిలోంచి విమానం లోపలికి దూకేశాడు. ఎవరూ చెప్పలేదు. ఆ తాడు కొస పట్టుకున్నాడు. విమానం పక్కటెముకలకి రెండు కాళ్ళూ తన్నిపెట్టి, వెనక్కి పడి లాగాడు. ముక్కు లేచింది." ఆయన ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "అమ్మా, ఏడుగురు మనుషులం, అంత ఇనుము. ఆయన చేతుల్లో వేలాడుతున్నాం."

నాన్న నిలబడే వింటున్నాడు. "ఎంతసేపు?" అన్నాడు.

"సముద్రం దాటి, మన నేల మీదికి వచ్చేదాకా."



ఆ ఎత్తులో ఉత్త చేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుని ఊడొస్తుందట. తోలు తొడుగులను ఆ తాడు కాసేపట్లోనే కోసేసింది. కట్టేద్దామంటే కుదరదు. పైలట్‌కు ఒకసారి పైకి కావాలి, ఒకసారి కొంచెం కిందికి కావాలి, దానికి తగ్గట్టు లాగుతూ వదులుతూ ఉండాలి. పైలట్ ఏం కావాలంటున్నాడో మామయ్యకు వినిపించదు. మామయ్య చెవులకు పెట్టుకున్న ఫోను వైరు తెగిపోయింది. మోతలో కేకలు వినిపించవు. తోక గన్నర్ చెవుల వైరు మాత్రం పనిచేస్తోంది. ఆయన నెత్తురు కారుతూ నేల మీద పడుకుని, పైలట్ చెప్పింది విని, మామయ్య పిక్క మీద చేత్తో కొట్టేవాడు. ఒకసారి కొడితే లాగు. రెండుసార్లు కొడితే వదులు.

"వైర్‌లెస్ చూసే కుర్రాడు వచ్చి నేను పట్టుకుంటాను ఇవ్వమన్నాడు. చేతులు మారుతుంటే ముక్కు కిందికి జారింది. మీ తమ్ముడు మళ్ళీ లాక్కున్నాడు. ఆ తర్వాత ఎవరికీ ఇవ్వలేదు. ఆ కుర్రాడు వెనకనుంచి నడుము వాటేసుకుని, జారిపోకుండా పట్టుకుని కూర్చున్నాడు. మన తీరం రాగానే పైలట్ చెప్పాడు, దూకేవాళ్ళు దూకండి అని. నేను దూకలేను. నా కాలి సంగతి తెలుసు కదా. వస్తాదు వదిలితే విమానం రాయిలా పడుతుంది. నేను విని చెప్పిన పైలట్ మాటను వైర్‌లెస్ కుర్రాడు ఆయన చెవిలో అరిచాడు, నువ్వేం చేస్తావ్ అని. ఏమన్నాడో తెలుసా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"'వస్తాదు ఇప్పుడు ఖాళీగా లేడు, మధ్యాహ్నం కనుక్కోమను' అన్నాడు. ఆ కుర్రాడు నవ్వాడు. నేను పైలట్‌కి చెప్తే పైలట్ నవ్వాడు. చావబోతున్నవాళ్ళం అందరం నవ్వాం. ఒక్కడు కూడా దూకలేదమ్మా."

నాన్న గోడకు ఆనుకున్నాడు. ఎగతాళికి తను పెట్టిన పేరు అక్కడి దాకా వెళ్ళిందని ఆయనకు అంతవరకు తెలియదు.

దిగేటప్పుడే అసలు కష్టం. నేల దగ్గర పడే కొద్దీ వెంట్రుకవాసి తేడా వచ్చినా అంతే సంగతులు. లాగు, వదులు, లాగు, వదులు అని తోక గన్నర్ కొడుతూనే ఉన్నాడు. మామయ్య కళ్ళు మూసుకున్నాడట. పిక్క మీద పడే ఆ దెబ్బ తప్ప ఇంకేమీ అక్కర్లేదన్నట్టు. చక్రాలు నేలను తాకి, విరిగి, విమానం బొజ్జ మీద జారుకుంటూ వెళ్ళి గడ్డిలో ఆగింది. ఏడుగురూ బతికే ఉన్నారు.

"అందర్నీ దించారు. ఆయన్ని దించలేకపోయారు. వేళ్ళు తెరుచుకోలేదు. తాడు కోసి, దాని ముక్కతోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నా పక్క మంచమే. గోరువెచ్చని నీళ్ళల్లో చేతులు పెట్టించి, నర్సు ఒక్కొక్క వేలూ విప్పింది. మీ వాడు పళ్ళు బిగబట్టి ఆవిణ్ణి అడుగుతున్నాడు, ఇంట్లో మా అక్కకి ఏం చెప్పాలండీ అని. ఆవిడే అని ఉంటుంది, తలుపని చెప్పమని."

అమ్మ ఏడవలేదు. ఆ తలుపు గురించి తమ్ముణ్ణి తిట్టాలో పొగడాలో తెలియని మొహంతో చాలాసేపు కూర్చుంది. చివరకు లేచి, ఆయన మిగిలిన కాలి దగ్గర కింద కూర్చుని, "నువ్వు కొట్టకపోతే వాడికి తెలిసేది కాదు కదా బాబూ," అంది. ఆయన అప్పుడు ఏడ్చాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ తనతో అనలేదన్నాడు.

మామయ్య చివరిసారి ఎక్కిన విమానం గురించి ఆయనకు మాకంటే ఎక్కువ తెలియదు. ఆ రోజు ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ విమానంలో వెళ్ళినవాళ్ళెవరూ రాలేదు.

సరిహద్దులు తెరిచి, మామూలు మనుషులు అటూ ఇటూ తిరిగే రోజులు వచ్చేసరికి నాకు పెళ్ళీడు వచ్చింది. అమ్మ ఆ సమాధి చూడాలంది. నాన్న పొయ్యి వదిలి రాలేనన్నాడు. నిజానికి చూడలేనని. నేనూ అమ్మా వెళ్ళాం. రైలు దిగి, బస్సెక్కి, ఆ ఊరి చివర దిగేసరికి ఒక రైతు, ఆయన కూతురు మాకోసం ఎదురుచూస్తున్నారు. వస్తున్నామని వాళ్ళ ఊరి ఆఫీసుకు ముందే తెలియజేశాం. కూతురు బడిపంతులమ్మ, మా భాష వచ్చు. రైతుకు రాదు. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

స్మశానం చిన్నది. ఒక మూల ఏడు సమాధులు, వరసగా. నేను చూడబోయేది కలుపు మొక్కలనీ, ఒరిగిపోయిన రాళ్ళనీ అనుకున్నాను. మేము బాంబులు వేసిన దేశం కదా. గడ్డి దువ్వినట్టుంది. రాళ్ళు తుడిచి ఉన్నాయి. ప్రతి రాయి దగ్గరా పొలంలో పూసే చిన్నచిన్న పూలు, ఆ ఉదయం కోసినవి.

అమ్మ మామయ్య రాయి మీద చెయ్యి పెట్టి కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. మేము దూరంగా నిలబడ్డాం. ఎండ చెట్ల మీది నుంచి రాళ్ళ మీదికి వచ్చింది.

తిరిగి వచ్చి ఆ రైతును అడిగింది. "ఇవన్నీ ఎవరు చూసుకుంటున్నారు?"

కూతురు తండ్రి వంక చూసింది. "మా నాన్నగారేనండి. విమానం పడింది మా పొలంలోనే. వీళ్ళని బయటికి తీసిందీ ఆయనే."

"మీ ఊరి మీద కూడా పడ్డాయా, బాంబులు?"

కూతురు ఆ మాట తండ్రికి చెప్పింది. ఆయన అవునన్నట్టు తల ఊపి, కూలిపోయిన పాత రైల్వే స్టేషను వైపు చెయ్యి చూపించాడు.

"మరి ఎందుకు?" అంది అమ్మ. "ఎందుకు చేస్తున్నారు ఇదంతా?"

రైతు టోపీ నలపడం ఆపాడు. ఏదో చెప్పాడు, నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా. కూతురు వింటూ వింటూ తనకే మొదటిసారి తెలుస్తున్నట్టు తండ్రి వంక చూసింది. తర్వాత మాకు చెప్పింది.

"మా బాబాయి కూడా గన్నరేనండీ. మా వైపు విమానంలో. సముద్రంలో పడిపోయాడు. పూలు పెట్టడానికి చోటు లేదు. అందుకని ఇక్కడికి వస్తానంటున్నారు. వీళ్ళకి అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఉంటే ఎప్పుడైనా రాకపోతారా, వచ్చినప్పుడు వాళ్ళకి చోటుండాలి కదా అంటున్నారు."

గాలి వీచి ఆయన పల్చటి జుట్టు రేగింది. అమ్మ ఆయన మొహంలోకి చూసింది. నా చేతిని పట్టుకుంది, వేళ్ళు నొప్పి పుట్టేలా. నేను అమ్మను అలా ఎప్పుడూ చూడలేదు. కొండనో సముద్రాన్నో మొదటిసారి చూసినప్పుడు చిన్నపిల్లలు ఎలా నిలబడిపోతారో అలా ఆ ముసలి రైతు ముందు నిలబడిపోయింది.

స్మశానం గోడ పక్కన రాతి బెంచీ ఒకటి ఉంది. అమ్మ వెళ్ళి దాని మీద కూర్చుని, పక్కన చోటు చూపించి ఆయన్ని రమ్మంది. ఆయన సందేహించి, వచ్చి కూర్చున్నాడు.

"మీ తమ్ముడి గురించి చెప్పండి," అంది. "ఎలా ఉండేవాడు? ఏం పనిచేసేవాడు?"

కూతురు చెప్పింది. రైతు నోరు విప్పడానికి కొంతసేపు పట్టింది. తర్వాత ఆగలేదు. తమ్ముడు గుర్రాల్ని మచ్చిక చేసేవాడట. ఈల వేస్తే మూడు పొలాల అవతల ఉన్న గుర్రం కూడా వచ్చేదట. పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్లను చూడకుండా వాళ్ళ గుర్రాన్ని చూసి వచ్చాడట. అమ్మ పకపకా నవ్వింది. రైతు కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఇంకోటి చెప్పాడు.

మేము ఎక్కాల్సిన బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది. అమ్మ అటు తిరిగి చూడలేదు. "ఆ తర్వాత?" అంటోంది.